ఆవం దగ్గర ఊగిన తలలు

"మంచివాడు ఒక్కడుంటే ఒకింత మంచి. పదిమంది చేరితే పదింతలు కావాలి కదా స్వామీ. గుంపులో చేరగానే అది తరిగిపోతుందెందుకు?" అని శిష్యుడు భైరవయ్య అడిగాడు. ఏ ప్రశ్ననైనా అంకెలతో మొదలుపెట్టే మనిషి. గురువు చిదంబరస్వామి, "కుమ్మరివాడకు వెళ్లి, కుండలు ఆరాయా అని ఇంటింటా అడిగిరా" అన్నాడు.

వాడపెద్ద ఇల్లు కాక ఆ వాడలో పదకొండు ఇళ్లు. కుండలు కాల్చే ఆవం అందరికీ కలిపి ఒకటే. నాలుగు రోజుల ముసురు ఆ ముందురోజే తెరిపిచ్చింది. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి, గొంతు తగ్గించి, తొమ్మిదిమంది ఒకే మాట చెప్పారు: "ఎక్కడయ్యా, లోపలింకా పచ్చే. రెండెండలు తగలాలి." మిగిలిన ఇద్దరు పెద్దనే అడగమన్నారు. పచ్చికుండ మంటలో పగిలితే పక్కవాటినీ పగలగొడుతుందని వాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు.

మధ్యాహ్నం ఇంటికొకరు చొప్పున ఆవం దగ్గర చేరారు. గురువూ వచ్చి నిలబడ్డాడు. వాడపెద్ద వీరాస్వామి ఒక కుండను వేలితో తట్టి, "ఆరింది. పేర్చండి" అన్నాడు. పెద్ద తట్టి చెప్పాక మారుమాట ఉండకూడదని ఆ వాడ కట్టుబాటు. తలలు ఊగాయి. ఆయన భైరవయ్య వైపు తిరిగి, "ఏమయ్యా, చదువుకున్నోడివి, నువ్వేమంటావు?" అన్నాడు. భైరవయ్య తలా ఊగింది.

పొద్దున పచ్చే అన్నవాళ్లలో ఒకతె అయిన గౌరమ్మ మాత్రం తన బానలను ఒక్కొక్కటే పక్కకు తీయసాగింది. ఒంటరి మనిషి. వానాకాలం గడవడానికి ఆమెకు ఆ ఇరవై బానలే ఆధారం.

"తీశావో, ఇకమీదట ఈ ఆవంలో నీకు చోటుండదు" అన్నాడు పెద్ద.

"నీ చోటు నువ్వే ఉంచుకో మామా. పొద్దున మీ ఇంట్లో అత్త కూడా పచ్చివే అంది. నా పెరట్లో గొయ్యి తవ్వుకుని, ఆరాకే కాల్చుకుంటా."

"తవ్వడానికి నీకు తోడెవరొస్తారే?" అని ఎవరో నవ్వారు.

"గడ్డపార వస్తుంది" అంది గౌరమ్మ, తల తిప్పకుండానే.

భైరవయ్య గురువు చెవి దగ్గరికి వంగాడు. "తొమ్మిదిమంది నాతో నిజం చెప్పారు స్వామీ. ఇక్కడ చూస్తే పది తలలు ఊగాయి. లెక్క ఎక్కడ తప్పింది?"

"పదకొండు ఊగాయి" అన్నాడు గురువు. ఒక బానను భుజానికెత్తుకుని గౌరమ్మ పెరటి వైపు కదులుతూ, "ఆ పక్కది నువ్వు పట్టుకో" అన్నాడు.