అవ్వ వాటా పాలు

అనగనగా, మీ తాతల తాతలకు కూడా ఊహ తెలియని కాలం. వానలు లేక ఏరు ఇసుకలో ఇంకిపోయిన ఏడాది. ఆ ఏటి ఒడ్డున చెంగమ్మవ్వ ఉండేది. ఆమెకు మిగిలింది ఒక మనవడు, ఒక బర్రె. మనవడు మునెయ్య గుడ్డల మీద దేవుళ్ల బొమ్మలు వేసేవాడు. బొమ్మ వేయకముందు అవ్వ ఆ గుడ్డల్ని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసేది.

ఊరంతా కరువుతో మాడుతుంటే పాలెగాడికి జాతర చింత పట్టుకుంది. అమ్మవారి బొమ్మ కావాలన్నాడు. మునెయ్య వేశాడు. కంటి గీత గీయగానే నల్లరంగు చుట్టూ పాకి, కన్ను కాస్తా మసిమరక అయింది. రెండోసారి వేశాడు. మళ్లీ పాకింది.

"మూడోసారి కన్ను చెదిరిందా, నీ వేళ్లు తీయిస్తా," అన్నాడు పాలెగాడు. అన్నంత పనీ చేసే రకం.

మునెయ్య ఏడుస్తూ కలం విదిలించాడు. ఒక చుక్క వెళ్లి అవ్వ మూతి తుడుచుకునే గుడ్డపీలిక మీద పడింది. అదీ కరక్కాయ గుడ్డే. కానీ చుక్క పాకలేదు, పడినచోటే నిలిచింది. అవ్వ పీలికను వాసన చూసింది. అక్కడ పాలు ఒలికి ఎండాయి.

"గుడ్డకు పాలు పట్టించాల నాయనా," అంది. "ఒక తడుపు చాలదు. మూడు తడుపులు."

బర్రె ఇచ్చేది రోజుకు ఒక్క చెంబు. ఊళ్లో అందరూ అడవి గడ్డలు తవ్వుకు తింటున్నారు. పళ్లులేని అవ్వకు ఆ చెంబెడు పాలే కూడు. గుడ్డకు పోస్తే ఆమెకు లేవు. అవ్వ మనవడి వేళ్లు చూసింది, ఇంకేమీ ఆలోచించలేదు.

మొదటి రోజు పాలన్నీ గుడ్డ తడిపే తొట్టిలో పోసింది.

"తాగినావా అవ్వా?"

"తాగినాలే నాయనా. బర్రె ఈపొద్దు రెండు చెంబులిచ్చింది."

రెండో రోజూ పోసింది.

"తాగినావా అవ్వా?"

"తాగినాలే నాయనా."

మూడో రోజు గోడ పట్టుకుని నడిచి వచ్చి పోసింది.

"తాగినావా అవ్వా?"

"తాగినాలే నాయనా," అంది. పనిలో మునిగిన మునెయ్య తలెత్తి చూడలేదు.

గుడ్డ ఆరాక, సాయంత్రం కన్ను గీశాడు. గీత గీసినట్టే నిలిచింది. పరుగున తెచ్చి చూపించాడు. అవ్వ వేలితో ఆ కన్ను తడిమింది.

"నీ వేళ్లు నీకు దక్కినాయి," అని చెయ్యి దించింది. మళ్లీ ఎత్తలేదు.

నోట్లో నీళ్లు పోద్దామని మునెయ్య ఆమె గిన్నె అందుకున్నాడు. గిన్నెలో మూడు రోజుల దుమ్ము. అది చూసి వాడి గుండె పగిలింది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున, గుడ్డకు పాలు పట్టించే ముందు, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు గిన్నెడు పాలు ఇస్తారు. తాగినావా అని మాత్రం అడగరు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని చూస్తారు.