అదే రుచి

ఒకానొక రాజ్యంలో మధ్యాహ్నమైందని సూర్యుడు చెబితే చెల్లేది కాదు, రాజుగారి నాలుక చెప్పాలి.

ఆ రాజ్యం పేరు కదళీపురం. నదికి ఇవతలి ఒడ్డు పొడవునా అరటితోటలే. దాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజుకు తాతగారి నుంచి రెండు ఆస్తులు దక్కాయి. ఒకటి సింహాసనం, రెండోది కేళీపాకం. ఏదో ఒకటే ఉంచుకోమంటే ఆయన ఏది వదులుకునేవారో చెప్పడం కష్టం.

కేళీపాకమంటే అల్లాటప్పా వంట కాదు. బాగా మాగిన చక్కెరకేళి పండ్లను చిదిమి, ఆవునేతిలో వేయించి, బెల్లం పాకంలో ఉడికించి, కోవా కలిపి, జీడిపప్పు, ఏలకులు, పచ్చకర్పూరం చల్లి దించేవారు. దించాక, నెయ్యి తక్కువైందేమోనన్న అనుమానంతో పైన ఇంకో గిన్నెడు పోసేవారు. ఆ అనుమానం తాతగారిది. ఆయన పోయినా అనుమానం మాత్రం కోటలోనే ఉండిపోయింది.

రోజూ భోజనవేళకు రాజుగారు మొదటి ముద్ద కేళీపాకం నోట పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అదే రుచి" అనేవారు. తాతగారి నాటి రుచి చెక్కుచెదరలేదని దాని భావం. ఆ మాట చెవిన పడగానే గుమ్మం దగ్గరున్న వీరన్న నగారా మోగించేవాడు. అది మోగితేనే మంత్రి నుంచి మావటి దాకా విస్తళ్ల ముందు కూర్చునేవారు. రాజుగారికి జలుబు చేసిన రోజున కోట మొత్తం పస్తుండేది. అయినా ఆచారం ఆచారమే కదా.

వంటశాల పెద్ద మాచమ్మ తెర వెనుక నిలబడి ఆ మాట కోసమే చెవులు రిక్కించేది. రాజుగారు పసివాడుగా ఉన్నప్పుడు గోరుముద్దలు తినిపించిన చెయ్యి ఆవిడది. పెద్దయ్యాక ఆయన ఏనాడూ తెర వైపు చూసింది లేదు. "మా నాలుకకు తెలియని రుచి ముల్లోకాల్లో లేదు" అని మీసం దువ్వుకునేవారు తప్ప, ఆ రుచి వెనుక ఒక మనిషి ఉందని తలచినట్టు కనపడేది కాదు.

నాలుకకు అంత పనిచెబితే పొట్ట ఊరుకుంటుందా? రాజుగారు ఏటికేడాది విస్తరించారు. నడికట్టుకు రెండుసార్లు అతుకులు వేశారు. గుర్రం ఆయన్ను చూడగానే ముఖం తిప్పుకునేది. రాజవైద్యుడు సోమనాథశాస్త్రి ఇక లాభం లేదని, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు.

"ప్రభూ, ఈ నెయ్యి, ఈ కోవా మీ గుండెకు భారమవుతున్నాయి. పండు మీద మమకారం వదులుకోనక్కర్లేదు. తేలికగా తినే మార్గాలున్నాయి."

మార్గాలు చూపించాడు కూడా. ఒకరోజు పండ్లను ఆవిరి మీద ఉడికించి తేనె చిలకరించాడు. ఇంకోరోజు పెరుగులో ముక్కలు వేసి మిరియప్పొడి కలిపాడు. చివరికి విసుగొచ్చి, ఒలిచిన పండు ఆకులో పెట్టి రాజుగారి ముందుకు తోశాడు.

"ఇది కోతులకు పెట్టే నైవేద్యం," అన్నారు రాజుగారు. "నీ వైద్యం ఇక మాకు వద్దు. తోటలో అరటిచెట్లకు తెగులు పట్టిందట, పోయి వాటికి చెయ్యి."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు. శాస్త్రి మందులపెట్టె చంకన పెట్టుకుని తోటకు పోయాడు. రాజుగారు అంతటితో ఆగక దండోరా వేయించారు. కేళీపాకంలో వెంట్రుకవాసి మార్పు చేసినవారిని నది దాటిస్తారట. దాటినవారు మళ్లీ ఇవతలి ఒడ్డు చూడకూడదట.

ఆ తర్వాత కొద్ది రోజులకే కోట లోపలి అమ్మవారి గుడికి రాజుగారు మెట్లెక్కుతున్నారు. వెనకాల నైవేద్యం బుట్టతో మాచమ్మ ఉంది. సగం మెట్లెక్కేసరికి ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని కూలబడ్డారు. పెదవులు నల్లబడ్డాయి. చాలాసేపు ఆయాసపడ్డాక మాట పెగిలింది.

"ఇక్కణ్ణించి తోటలు బాగా కనపడతాయని కూర్చున్నాం," అన్నారు.

పరివారమంతా తోటల అందాన్ని పొగిడారు. మాచమ్మ మాత్రం ఆయన పెదవుల వంకే చూసింది. ఒకప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని ఇవే మెట్లమీద పరుగులు తీసిన పిల్లవాడు ఆవిడ కళ్ల ముందు మెదిలాడు. నా చేతివంటే ఈ బిడ్డను తినేస్తోందని కుమిలిపోయింది. వండితే ఆయన దక్కడు, మారిస్తే తనకు నిలువనీడ ఉండదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఆ సాయంత్రం వంటశాలకు కొమ్మన వచ్చాడు. కొమ్మన రాజుగారి కొలువులో విదూషకుడు. మాటకు పదునెక్కువ, ఒంటికి కండ తక్కువ. మూకుడు అడుగున అంటుకున్న కేళీపాకం మాడు గీక్కుని తినడం అతని నిత్యకృత్యం.

"ఏం పిన్నీ, ఇవాళ మాడు కూడా ఉప్పగా ఉంది. ఏడుస్తూ కలిపావా?" అన్నాడు.

మాచమ్మ ఉన్నదంతా చెప్పేసింది. కొమ్మన గరిటె పక్కన పెట్టాడు.

"శాస్త్రిగారు చెప్పింది నిజమే గానీ తొందరపడ్డారు. నిండుకుండను నెత్తిమీంచి దబ్బున దించితే పగులుతుంది పిన్నీ. ఆనవాలు తెలియకుండా దించాలి. రేపు ఒక్క చెంచా నెయ్యి తగ్గించు."

"ఆయన నాలుక కనిపెడితే నన్ను నది దాటిస్తారు నాయనా. ఈ వయసులో ఎక్కడికి పోను?"

"నీతోపాటు నేనూ దాటతాను. అవతల మాత్రం వండుకోవాలి కదా."

మర్నాడు మాచమ్మ ఒక చెంచా నెయ్యి తగ్గించింది. తెర వెనుక ఊపిరి బిగబట్టి నిలుచుంది. రాజుగారు ముద్ద నోట పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. రోజూ కంటే ఎక్కువసేపు మూసుకున్నట్టు ఆవిడకు తోచింది.

"అదే రుచి."

నగారా మోగింది. మాచమ్మ అక్కడే చతికిలబడి కొంగుతో చెమట తుడుచుకుంది.

ఆ పైన ఆవిడ చెయ్యి ధైర్యం తెచ్చుకుంది. చెంచా చెంచా నెయ్యి తగ్గింది. గెలను ఇంకొంత కాలం ఎక్కువ మాగనిస్తే పండే తీపెక్కుతుంది, బెల్లం అంతక్కర్లేదని తెలుసుకుంది. కోవా బదులు పాలు మరగకాచి పోసింది. జీడిపప్పు నేతిలో కాక వట్టి మూకుట్లో దోరగా వేయించింది. తాతగారి అనుమానపు గిన్నె ఒకనాటికి అటక ఎక్కింది. ప్రతి మధ్యాహ్నమూ రాజుగారు "అదే రుచి" అంటూనే ఉన్నారు, వీరన్న మోగిస్తూనే ఉన్నాడు.

వానాకాలం పోయి చలి వచ్చేసరికి నడికట్టు అతుకులు ఒకటొకటే విప్పాల్సి వచ్చింది. రాజుగారు గుడిమెట్లు ఆగకుండా ఎక్కారు. గుర్రం ముఖం తిప్పుకోవడం మానేసింది. మాచమ్మ మనసులోనే అమ్మవారికి దండం పెట్టుకుంది.

అంతటితో ఊరుకుంటే ఆయన ఉద్దండవర్మ ఎందుకవుతారు?

"చూశారా," అన్నారు కొలువులో. "కేళీపాకం ప్రాణం తీస్తుందన్నాడు ఆ శాస్త్రి. రోజూ తిని సన్నబడ్డాం. వచ్చే పట్టాభిషేకం పండుగనాడు అందరి ఎదుటా కేళీపాకం తింటాం. మా పాకాన్ని నిందించినందుకు ఆ శాస్త్రి తల గొరిగించి, గాడిదమీద ఊరేగిస్తాం."

ఈ మాట మాచమ్మ చెవిన పడింది. నిజం చెప్పినవాడికి తన మూలంగా అవమానమా? ఎదుటికెళ్లి ఒప్పుకుంటానని బయలుదేరింది. కొమ్మన దారికి అడ్డం వచ్చాడు.

"ఒప్పుకుందువుగాని పిన్నీ. ముందు పండుగనాడు రెండు గిన్నెలు వండు. ఒకటి నువ్వు నిన్న వండినట్టు. ఇంకోటి తాతగారి పద్ధతిలో, ఒక్క నెయ్యి చుక్క తగ్గకుండా. ముందు తాతగారిదే వడ్డించాలి."

"అయ్యో, తేడా ఇట్టే కనిపెట్టేస్తారు కదయ్యా."

"కనిపెట్టాలనే."

పండుగనాడు భోజనశాల కిటకిటలాడింది. ఒక మూల శాస్త్రి తలవంచుకుని నిలుచున్నాడు, అతని పక్కనే కత్తితో మంగలి. బయట గాడిద అప్పుడప్పుడు ఓండ్రపెడుతోంది. రాజుగారు తమ నాలుక గొప్పతనం గురించి చాలాసేపు సెలవిచ్చి, వెండిగిన్నె దగ్గరికి లాక్కున్నారు. అటక దిగిన నెయ్యిగిన్నె ఆ పాకంమీద తన ప్రతాపమంతా చూపించింది. వీరన్న పుల్లలు పైకెత్తాడు.

రాజుగారు ముద్ద నోట పెట్టుకున్నారు. కళ్లు మూసుకోవలసినవారు గుడ్లు తేలేశారు.

"ఛీ, ఇదేం పాకం? నెయ్యి గొంతుకు అడ్డం పడింది. తీపి వెగటు కొడుతోంది. ఎవరో మార్చారు. మాచమ్మను పిలవండి."

వీరన్న చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. ఆకలితో ఉన్న కొలువంతా ఆ చేతుల వంకే చూసింది. మాచమ్మ తెర తొలగించుకుని వచ్చి చేతులు కట్టుకుంది.

కొమ్మన లేచాడు.

"ప్రభూ, శిక్ష వేసేముందు ఒక్క మనవి. తమ నాలుక ఎన్నడైనా పొరబడిందా?"

"ఎన్నడూ లేదు."

"అయితే నిన్నటిదాకా రోజూ తమరు 'అదే రుచి' అన్నదే అసలైన కేళీపాకమా?"

"సందేహమెందుకు? ఊరంతా నగారా విన్నది."

"మరి అది వండిన చేతికి ఏమివ్వాలి?"

"బంగారు కడియాలివ్వాలి."

"ఇవాళ గొంతుకు అడ్డం పడిన ఈ పాకం ఎవరిదో, ఆ పెద్దమనిషికి?"

"ఎవడైనా సరే నది దాటించాల్సిందే. ఇది మా ఆజ్ఞ."

కొమ్మన చేతులు జోడించి పైకి చూశాడు.

"ఆజ్ఞ ఎప్పుడో అమలైపోయింది ప్రభూ. ఇది అచ్చంగా మీ తాతగారి పాకం. ఆయన వైతరణి దాటి చాలాకాలమైంది."

కొమ్మన రెండో గిన్నె ముందుకు జరిపాడు. రాజుగారు అనుమానంగా ఒక ముద్ద తిన్నారు. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"అదే..." అని ఆగిపోయారు.

"నిన్నటిదే ప్రభూ. ఇందులో కోవా లేదు. నెయ్యి పేరుకు మాత్రమే ఉంది. శాస్త్రిగారు ఒక్కరోజులో చెయ్యమన్నది, మాచమ్మ పిన్ని చెంచా చెంచాగా చేసింది. రోజూ అనుమతి ఇచ్చింది మాత్రం తమ నాలుకే. వీరన్న సాక్షి."

రాజుగారి ముఖం ఎర్రబడింది. చూపు మాచమ్మ మీదికి మళ్లింది.

"మా ఆజ్ఞ విన్నావు కదా. నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది బాబూ," అంది మాచమ్మ. ఏళ్ల తర్వాత ఆ పిలుపు దానంతటదే నోటికొచ్చింది. "రోజూ తెర వెనుక చచ్చి బతికాను. కానీ ఆవేళ మెట్లమీద మీ ఆయాసం విని ఇంతకంటే భయపడ్డాను."

రాజుగారు నడికట్టు తడుముకున్నారు. ఒకప్పుడు అతుకులున్న చోట వేళ్లు ఆగాయి. తర్వాత మీసాల చాటున మొదలైన నవ్వు పొట్టదాకా పాకి భోజనశాల మొత్తాన్ని కుదిపింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

"తాతగారిని నది దాటించిన మనవణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను," అన్నారు.

మాచమ్మకు కడియాలు తొడిగించారు. శాస్త్రిని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇటు శాస్త్రి తలకు క్షౌరం తప్పింది, అటు గాడిదకు బరువూ తప్పింది. కొమ్మనను ఏం కావాలో కోరుకోమన్నారు.

"ఆ మొదటి గిన్నె ఇప్పించండి ప్రభూ. తాతగారి పాకం వృథా పోకూడదు. నా ఒంటికి భారం అవసరమే కూడా."

ఇచ్చారు. ఒక్క పూటలో అంతా తిన్నాడు. మర్నాడు పొద్దున మంచం దిగలేకపోతే శాస్త్రి వచ్చి శొంఠి కషాయం పోసి, లోపల్లోపల నవ్వుకుంటూ పోయాడు.

ఆ మధ్యాహ్నం రాజుగారు మొదటి ముద్ద తిన్నారు. కళ్లు మూసుకోకుండా తెర వైపు చూశారు.

"బాగుంది మాచమ్మా," అన్నారు.

తెర వెనుక మాచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరన్న మాత్రం పుల్లలు పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. తాతల నాటి నుంచి తన ఇంట్లో ఎవరూ ఆ మాటకు నగారా కొట్టింది లేదు.

అప్పుడే మంచం దిగి వచ్చిన కొమ్మన అతని భుజం తట్టాడు.

"కొట్టు నాయనా, ఆకలేస్తోంది. రేపటి నుంచి ఇదే మాట."

నగారా మోగింది. కదళీపురం భోజనానికి కూర్చుంది.