కాకిబంగారం రేకులు, తెల్ల తోక

ఎండలో అద్దం పట్టుకుని ఆడుకున్నారు కదా పిల్లలూ? దూరాన ఉన్నవాడి చేతిలో అద్దం మీకు తళుక్కుమని ఎప్పుడు మెరిసింది? అప్పుడు ఆ అద్దం ఎటు తిరిగి ఉంది? విన్నది వద్దు, చూసింది చెప్పండి. చెప్పలేరా? అయితే ఈ కథ వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏ రాయి చూసినా కాకిబంగారమే. అభ్రకం అంటారే, పొరలు పొరలుగా ఊడి వస్తుంది, ఎండ పడితే మెరుస్తుంది, అదే.

కొండ నెత్తిన గండయ్య అనే కొండముచ్చు కాపలా ఉండేవాడు. దుప్పుల్ని వేటాడే అడవికుక్కలు, అంటే రేచుకుక్కల మంద వస్తే ముందు కనిపించేది అతనికే. కొండ వెనక లోయలో చుక్కల దుప్పులు మేసేవి. వాటిలో చారమ్మ అనే దుప్పికి నెల తిరగని కూన ఉంది. అది ఇంకా పరుగెత్తలేదు. ముందుగా కబురు అందితే ముళ్లపొదలో దాచుకోవచ్చు. అందకపోతే ఇక అంతే.

గండయ్య మొదట గట్టిగా అరిచాడు. కొండ అంచు అడ్డం వచ్చింది. లోయలో వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచాడు. గొంతు బొంగురుపోయింది. రేచుకుక్కలకు మాత్రం బాగా వినపడింది. మూడోసారి ఏనుగు చెవంత కాకిబంగారం పలక తెచ్చి ఎండకు పట్టాడు. వెలుగు తిన్నగా పోయి ఎదుటి చరియకు తగిలింది. లోయకు మాత్రం చేరలేదు.

ఆ చరియలో ఉండే ఈరమ్మ అనే ఉడుత కొండెక్కి వచ్చింది.

“పెద్దయ్యా, అరిచి అరిచి చస్తావెందుకు? నీ వెలుగు మా చరియ దాకా వస్తోంది. మా చరియ నుంచి లోయ కనిపిస్తుంది. మధ్యలో మేం మళ్లిస్తాం.”

“మీరా? ఒక్కొక్కరు గుప్పెడు లేరు!”

“గుప్పెడు లేకపోతేనేం? నలభైమందిమి ఉన్నాం.”

ఉడుతలు నలభై చిన్న రేకులు ఏరి తెచ్చాయి. రాతి పగుళ్లలో నిలబెట్టి, అటూ ఇటూ తిరిగేలా తీగలతో కట్టాయి. ఒక్క రేకు మళ్లించే వెలుగు పిసరంత. నలభై కలిస్తే దుప్పి కళ్లు చికిలించేంత.

దుప్పులు పొద్దున వెదురు పొదల దగ్గర ఉంటాయి, మధ్యాహ్నం మడుగు దగ్గర, సాయంత్రం గడ్డిలో. అవి కదిలినప్పుడల్లా రేకులూ తిరగాలి. ఎంత తిప్పాలో ఉడుతలకు ఎలా తెలుస్తుంది? ఆ దారి చారమ్మే చెప్పింది.

“గండయ్య రోజూ మూడు పూటలా ఒక్క మెరుపు మెరిపించనీ. మీరు రేకులు తిప్పుతూ ఉండండి. వెలుగు నా కంట్లో పడగానే తోక ఎత్తుతా. తెల్లగా కనిపిస్తే ఆగండి.”

ఒక మెరుపు సర్దుకోవడానికి. మూడు మెరుపులు దాక్కోవడానికి. ఆ వేసవిలో రేచుకుక్కలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ ఖాళీ లోయ చూసి పోయాయి.

అంతా బాగుంది. గండయ్యకే బాగాలేదు. కొండ మీద నుంచి చూస్తే చరియ ఎప్పుడూ నల్లగానే ఉండేది.

“ఏమే ఈరమ్మా! పొద్దంతా ఈ పలక మోసి నా భుజాలు పడిపోతున్నాయి. మీ చరియలో ఒక్క మెరుపూ కనపడదు. నిద్రపోతున్నారా అందరూ?”

“నీకు మెరిస్తే వెలుగు నీ దగ్గరికే తిరిగొచ్చినట్టు పెద్దయ్యా. లోయకు పోతే నీకు మెరవదు.”

“నాకే పాఠాలా! మెరిసేదైతే కనపడదా? రేపటి నుంచి ఎవరి రేకు నా కంటికి మెరిస్తే వాళ్లకే నా చెట్టు నేరేడుపళ్లు.”

మర్నాడు పది రేకులు కొండవైపు తిరిగాయి. ఆ మర్నాడు ముప్పై. మూడోనాటికి ఈరమ్మ రేకు ఒక్కటే లోయవైపు మిగిలింది.

“అమ్మా, అందరి నాలుకలూ ఊదారంగులో ఉన్నాయి. మా నాలుకలే ఇలా ఉన్నాయి” అన్నారు ఆమె పిల్లలు.

ఈరమ్మ లోయ వంక చూసింది. “ఒక్క రేకుతో ఏమవుతుందిలే” అంది. తన రేకునూ తిప్పేసింది.

చరియంతా ధగధగలాడింది. “ఇదీ పనంటే!” అని గండయ్య చప్పట్లు కొట్టాడు. ఆ రోజు లోయలో తోక లేవలేదు. లేచిందా లేదా అని చూసినవాళ్లూ లేరు. అందరి చూపూ నేరేడు చెట్టు మీదే.

నాలుగో రోజు మధ్యాహ్నం రేచుకుక్కలు వచ్చాయి. గండయ్య మూడుసార్లు పలక ఎత్తాడు. చరియ మూడుసార్లు భళ్లున మెరిసింది. కబురు అందిందనుకుని అతను పలక దించి కూర్చున్నాడు.

మడుగు దగ్గర నీళ్లు తాగుతూ చారమ్మ తలెత్తి చూసింది. ఆమె కంటికి చరియ నల్లగానే ఉంది. మళ్లీ తల వంచింది.

మర్నాడు చారమ్మ చరియ ఎక్కి వచ్చింది. వెంట కూన లేదు. గండయ్య అక్కడే పళ్లు పంచుతున్నాడు.

“పలక ఎత్తావా?” అని అడిగింది చారమ్మ.

“ఎత్తాను తల్లీ, మూడుసార్లు. చరియంతా మెరిసింది. నా కళ్లారా చూశాను.”

“నీ కళ్లారా నువ్వు చూశావు. నా కళ్లను ఎవరు అడిగారు?”

గండయ్య ఈరమ్మ వైపు తిరిగాడు. ఈరమ్మ తల దించుకోలేదు.

“చెప్పినా అతనికి అర్థం కాలేదు చారమ్మా. నాకు తెలుసు. తెలిసే తిప్పాను.”

చారమ్మ వెనక్కి తిరిగింది. లోయలోకి దిగిపోయింది. ఈరమ్మ తన రేకు దగ్గరికి పోయి దాన్ని లోయవైపు తిప్పింది. తర్వాత ఒక్కొక్కటిగా మిగతా రేకులూ తిరిగాయి. గండయ్య కొండెక్కి ఒక్క మెరుపు మెరిపించాడు.

ఉడుతలు తిప్పుతూనే ఉన్నాయి. చాలాసేపటికి లోయలో తెల్లటి తోక ఒకటి లేచింది. కొండ మీద నుంచి చూస్తే చరియ నల్లగా ఉంది. గండయ్య ఎవరినీ తిట్టలేదు.

నీతి: వెలుగు అందిందా అని చీకట్లో ఉన్నవాణ్ణే అడగాలి. మరి మీరు చేసే పని మెరుస్తున్నది ఎవరి కంటికి?