చెయ్యి పరీక్ష

ఆ కచేరీ నుంచి తిరిగొచ్చాక హైమ స్విచ్చిని వేలితో ముట్టుకోవడం మానేసింది.

బల్ల మీద ఒక చెక్క స్కేలు పెట్టుకుంది. ఫ్యాను వెయ్యాలన్నా, ఫిల్ములు చూసే లైటు బల్ల వెలిగించాలన్నా ఆ స్కేలు చివరతోనే మీట నొక్కేది. ఎవరైనా చూసి నవ్వితే "చేతికి గమ్ అయిందండీ" అనేది. గమ్ ముట్టని రోజు కూడా అదే మాట.

"ఆరో తీగ" రాక్ సంగీతం మీద తెలుగులో వచ్చే మాసపత్రిక. సికింద్రాబాదులో ఒక బేకరీ పైన రెండు గదులు దాని ఆఫీసు. ముందు గదిలో రాసేవాళ్ళు కూర్చునేవారు. వెనక గది దేవసహాయం మాస్టారిది. పత్రిక పుట్టినప్పటి నుంచీ దాని అట్టలు వేసింది ఆయనే. హైమ ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి రెండేళ్ళు దాటింది.

ఆయన నోటితో చెప్పిన పాఠాలు తక్కువ. ఆమె వేసిన మొదటి అట్టని ఆయన తీసుకుని, పైన ఎడమ మూల ఒక్కటే కనబడేలా మడిచి, ఆమె ముందు పెట్టారు.

"చదువు" అన్నారు.

చదవడానికి అక్కడ ఏమీ లేదు. ఖాళీ ఆకాశం ఉంది. కొట్లో పత్రికల్ని తాడుకి ఒకదాని మీద ఒకటి ఎక్కించి క్లిప్పులు పెడతారు. దారిన పోయేవాడికి కనబడేది ఆ మూలే. ఆ రోజు నుంచి గిటారు మెడైనా, గాయకుడి కన్నైనా, ఆమె ముందు ఆ మూలకి తెచ్చి, తర్వాతే మిగతా బొమ్మ సంగతి చూసేది.

ఇంకోసారి బొమ్మ చుట్టూ శీర్షికలు గుప్పించింది. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని, "సికింద్రాబాదు నుంచి కాజీపేట బండి ఎన్నింటికమ్మా? ఇందులో ఉండే ఉంటుంది" అన్నారు. తర్వాత ఎప్పుడూ ఆమె అట్ట మీద మాటలు గుంపుగా చేరలేదు.

అట్ట ప్రెస్సుకి పోయేముందు ఒక తంతు ఉండేది. నమూనాని పాత సంచికకి చుట్టి, మోండా మార్కెట్ దారిలో యాదగిరి నడిపే పత్రికల కొట్లో, మిగతా పత్రికల మధ్య వేలాడదీసేవారు. గురువూ శిష్యురాలూ రోడ్డుకి అవతల ఇరానీ హోటల్లో గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుని చూసేవారు. జనం మొహాలు చూడనిచ్చేవారు కాదు మాస్టారు.

"కన్ను ఊరికే తిరుగుతుంది, దానికి పనీపాటా లేదు. చెయ్యి చూడు" అనేవారు.

జేబులో చెయ్యి, సంచీ మోస్తున్న చెయ్యి, పక్కవాడి భుజం మీద చెయ్యి. అది ఉన్న చోటు వదిలి అట్ట వైపు వచ్చిందా, లేదా? వస్తే ఆ అట్ట ప్రెస్సుకి పోయేది. రాకపోతే మళ్ళీ మొదటికి. ఆఫీసులో దానికి చెయ్యి పరీక్ష అని పేరు.

కొన్ని నెలలుగా చేతులు రావడం లేదు. అమ్ముడుపోని సంచికలు కట్టలు కట్టలుగా వెనక్కి వస్తున్నాయి. బేకరీ వెనకున్న మెట్ల కింద వాటిని పేర్చడానికి చోటు చాలడం లేదు. పత్రిక యజమాని మాలకొండయ్య గారు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా చెప్పి వెళ్ళారు. ఈ సంచికా తిరిగొస్తే తాళం వేసేస్తానని.

హైమ దగ్గర బొమ్మ ఉంది. తిరిగిరాని బొమ్మ. ఆమె భయమంతా దానితోనే.

అది "నల్లరేగడి" అనే బృందం కచేరీలో తీసింది. ఊరి బయట ఒక కాలేజీ మైదానం. సాయంత్రం జల్లు పడి వెలిసింది. వేదిక చెక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. పాడేవాడి పేరు తిమోతి. రెండో పాట మధ్యలో అతను మైకు స్టాండుని గట్టిగా పట్టుకున్నాడు. తల వెనక్కి విరిగింది. నోరు తెరుచుకుంది. మెడ నరాలు తాళ్ళలా పైకి లేచాయి. ఒళ్ళంతా ఊగుతోంది, స్టాండు మీద పిడికిలి మాత్రం వదలడం లేదు.

జనం లేచి నిలబడ్డారు. అంత ఆవేశంగా పాడినవాణ్ణి వాళ్ళెవరూ చూడలేదు. చప్పట్లు. ఈలలు. మళ్ళీ చప్పట్లు. పాట వినబడడం లేదన్న సంగతి ముందుగా పట్టుకున్నవాడు వెనక డ్రమ్ములు వాయిస్తున్న కుర్రాడు. అతను కర్రలు పారేసి "మెయిన్ ఆపండి! మెయిన్ ఆపండి!" అని గొంతు చించుకునేదాకా చప్పట్లు ఆగలేదు.

తిమోతి ఆసుపత్రికి చేరలేదు. దారిలోనే పోయాడు. పేపర్లలో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి.

పత్రిక ఫొటోగ్రాఫరు తీసిన ఫిల్ములో ఆ క్షణం పడింది. హైమ దాన్ని లైటు బల్ల మీద పెట్టి చూసింది. కత్తెర తీసుకుంది. ఆ ఫిల్ములోనే వేదికకి వీపు పెట్టి జనాన్ని తీసిన ముక్క ఒకటుంది. దాన్ని కత్తిరించి సొరుగులో, బ్లేడ్ల పెట్టె కింద పెట్టింది. ఆ ముక్కని మళ్ళీ బయటికి తియ్యలేదు.

అట్ట తయారైంది. వెనక అంతా నలుపు. పత్రిక పేరు పసుపు రంగులో, తిమోతి తల వెనక సగం దాగి. స్టాండు మీద బిగిసిన పిడికిలి సరిగ్గా పైన ఎడమ మూలలో. కింద ఎర్రగా రెండే మాటలు: ఆఖరి కేక.

మాస్టారు ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు.

"మూలలో?"

"పిడికిలి ఉంది మాస్టారూ."

"మాటలు?"

"రెండే."

"కళ్ళు మూసుకునున్నాడు. కొనేవాణ్ణి ఎవరు చూస్తారు?"

"నోరు చూస్తుంది మాస్టారూ."

ఆయన తల పైకెత్తి ఆమె వైపు చూశారు. "ఇంత బలమైన అట్ట నేను నా జన్మలో వెయ్యలేదు అమ్మాయ్" అన్నారు.

ఆ మాట కోసం ఆమె రెండేళ్ళుగా కాచుకుంది. ఇప్పుడు విని, అట్ట మీంచి చూపు పక్కకి తిప్పుకుంది.

"వెయ్యొచ్చా మాస్టారూ?"

"నన్నడుగుతావేం? చెయ్యి పరీక్ష ఉందిగా."

మర్నాడు పొద్దున కాస్త ముసురుగా ఉంది. యాదగిరి నమూనా అందుకుని తాడుకి తగిలిస్తూ, "ఏం మాస్టరూ, పరీక్షనా? అమ్మో, ఈ పిలగాడు గొంతు పగిలేటట్టు పాడుతున్నడు కదా!" అన్నాడు. హైమ తల వంచుకుని రోడ్డు దాటింది.

చాయ్ వచ్చింది. మాస్టారు సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నారు. హైమ కప్పు ముట్టలేదు.

ఎక్కువసేపు చూడనక్కర్లేకపోయింది. గొడుగు పట్టుకున్న చెయ్యి ఒకటి గొడుగు మార్చుకుని మరీ వచ్చింది. పాల క్యాను మోస్తున్నవాడు క్యాను కింద పెట్టాడు. తర్వాత ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు నవ్వుకుంటూ వచ్చి కొట్టు ముందు ఆగిపోయారు. పొడుగాటివాడు నమూనాని క్లిప్పు నుంచి లాగేశాడు. రోడ్డు ఇరుకు. మాటలు హోటల్లోకి వినబడుతున్నాయి.

"అబ్బ! సూడ్రా, ఏం పట్టుకున్నడు మైకు!"

"ఆఖరి కేకనంట. కొత్త క్యాసెట్ పేరేమో."

"అరే, నువ్వెట్లనో అరుస్తవు కద క్యాంటీన్ల, గిట్ల అరువురా ఒక్కసారి!"

"సూడు మరి."

కొట్టు పక్కన ఇనప కరెంటు స్తంభం ఉంది. వానకి తడిసి నల్లగా మెరుస్తోంది. పొడుగాటివాడు పత్రికని స్నేహితుడి చేతికిచ్చి, రెండు చేతులా స్తంభాన్ని పట్టుకున్నాడు. తల వెనక్కి విరిచాడు. నోరు తెరిచాడు. ఒళ్ళంతా ఊపడం మొదలుపెట్టాడు.

హైమ లేచేసింది. బల్ల కదిలి చాయ్ ఒలికింది. కుర్రాడు ఊగుతున్నాడు. ఇంకా ఊగుతున్నాడు. నవ్వుతున్నాడో లేదో ఇక్కడి నుంచి తెలియడం లేదు. మిగతా ఇద్దరూ ఈలలు వేస్తూ చప్పట్లు కొడుతున్నారు. యాదగిరీ నవ్వుతున్నాడు.

ఆమె పక్కన ఇంకో చప్పుడు మొదలైంది. దగ్గరగా, నింపాదిగా.

తిరిగి చూసింది. దేవసహాయం మాస్టారు చప్పట్లు కొడుతున్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషిలా, కళ్ళు ఆ కుర్రాడి మీదే ఉంచి కొడుతున్నారు.

"మాస్టారూ! ఆపండి!"

"ఏం? అందరూ కొడుతున్నారుగా."

"అది పాట కాదని మీకు తెలుసు!"

"నాకు తెలుసు" అన్నారు ఆయన, కొట్టడం ఆపకుండానే. "నీకెప్పుడు తెలిసింది?"

హైమ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

అవతల కుర్రాడు స్తంభం వదిలి, గాల్లోకి చేతులెత్తి, జనానికి దండం పెట్టాడు. అప్పుడు మాస్టారి చేతులు కూడా ఆగాయి. ఆయన జేబురుమాలు తీసి, బల్ల మీద ఒలికిన చాయ్ తుడిచారు.

"నెగ్గావు. ఇన్ని చేతులు ఏ అట్టకీ రాలేదు. ప్రెస్సులో ప్లేటు వేసేవాళ్ళు కాచుకుని ఉన్నారు. ఇచ్చేసి రమ్మంటావా?"

ఆమె రోడ్డు దాటింది. స్కూటరువాడు బ్రేకు వేసి ఏదో తిట్టాడు. ఆమె నేరుగా వెళ్ళి కుర్రాడి చేతిలోని నమూనా పట్టుకుంది.

"అక్కా, ఆగక్కా, మేం కొంటున్నం!"

"ఇది అమ్మేది కాదు."

"అమ్మనిదైతే ఏలాడేసుడెందుకు?" అన్నాడు పొట్టివాడు.

"క్యాసెట్ ఎప్పుడొస్తదో అదన్న చెప్పు. ఏం పాటక్కా ఇది?"

"పాట కాదు" అంది హైమ. "కరెంటు."

వాళ్ళకి ముందు అర్థం కాలేదు. ఆమె మొహం చూసి అర్థమైంది. పొడుగాటివాడు తన అరచేతులు చూసుకున్నాడు. వాటిని ప్యాంటుకి ఒకసారి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆఫీసుకి వచ్చేసరికి వెనక గదిలో మబ్బుకి చీకటిగా ఉంది. హైమ సొరుగు లాగి, బ్లేడ్ల పెట్టె ఎత్తి, ఫిల్ము ముక్క బయటికి తీసింది. లైటు బల్ల మీద పరిచింది. స్కేలు చివరతో మీట నొక్కింది. గాజు కింద తెల్లగా వెలిగింది.

మాస్టారు భూతద్దం తీసుకుని వంగారు.

చేతులు. బొమ్మ నిండా చేతులే. కొన్ని కలుసుకున్నాయి, కొన్ని కలవబోతున్నాయి, కొన్ని చెదిరి మసగ్గా ఉన్నాయి. వాటి వెనక వెలుగుతున్న మొహాలు, అన్నీ ఒకే వైపు చూస్తూ. వాళ్ళు దేన్ని చూస్తున్నారో బొమ్మలో లేదు.

"ముందు వరసలో ఈ చివర నువ్వున్నావు" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు.

"మీరు ముందే చూశారా?"

"ఫిల్ము ముందు వచ్చేది నా బల్ల మీదికే కదా."

ఆయన భూతద్దం పక్కన పెట్టి కత్తెర అందుకున్నారు. "ఈ చివర కొంచెం తీసేస్తే బొమ్మ కుదురుగా ఉంటుంది. తియ్యనా?"

"వద్దు మాస్టారూ. ఈ చివరని పైన ఎడమ మూలకి తెద్దాం."

మాస్టారు కత్తెర కింద పెట్టేశారు.

"మాటలు?"

"అతని పేరు. అంతే."

"మళ్ళీ యాదగిరి కొట్టుకి వెళ్దామా?"

హైమ తల అడ్డంగా ఊపింది. పరీక్ష లేకుండా అట్ట ప్రెస్సుకి పోవడం ఆ పత్రికలో ఎప్పుడూ జరగలేదు. మాస్టారు వద్దనలేదు. కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీద వరసగా అంటించిన పాత అట్టల వైపు చూశారు. నిప్పులు కక్కే గిటార్లు, పుర్రెలు, తెరిచిన నోళ్ళు. అన్నీ ఆయన వేసినవే.

"ఇది అమ్ముడుపోతుందో లేదో నాకు తెలియదు" అన్నారు.

ఆ మాట ఆయన నోట ఆమె ఇదే వినడం. కింద బేకరీలో ట్రే ఒకటి జారి చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"భయంగా ఉంది మాస్టారూ."

"ఉండనీ" అన్నారు దేవసహాయం. "అట్ట వేసేవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి."

ఆమె ఫిల్ము ముక్కని కవరులో పెట్టింది. ఖాళీ గాజు తెల్లగా మండుతోంది. స్కేలు బల్ల అంచున, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. హైమ దాని వైపు చెయ్యి చాపింది, మధ్యలో ఆగింది.

తర్వాత వేలితో మీట నొక్కింది. లైటు ఆరిపోయింది.