బయటికొచ్చిన పురుగు

చిదంబరయ్యగారికి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి ఆ ప్రశ్న పుట్టిన చోటికే పంపేస్తారు. "చూసి రా, తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. సగం మంది చూసి వచ్చాక మళ్లీ అడగరు. మిగతా సగం మంది అసలు వెళ్లనే వెళ్లరు. హిందూపురం పొలిమేరలోని ఆయన ఆశ్రమంలో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్నాను కాబట్టి ఈ తంతు నాకు కొత్త కాదు. నిజం చెప్పాలంటే విసుగు కూడా పుట్టింది. చాలామంది జవాబు ముందే ఖాయం చేసుకుని, దాని మీద అయ్యగారి చేత ఒక ముద్ర వేయించుకుని పోదామని వస్తారు.

విశ్వనాథగుప్తగారు కూడా ఆ పని మీదే వచ్చారు. ఆయన అయ్యగారికి పాత శిష్యుడు, నాలుగు ఊళ్లలో బట్టల దుకాణాలున్న మనిషి. చెడ్డవాడు కాదు. పెద్ద పెద్ద కంపెనీలన్నీ జంతువులను హింసించి తీసిన సరుకు ఇక అమ్మబోమని ప్రకటిస్తుంటే, అది చదివి ఆయన మనసు కదిలింది. తోలు బెల్టులు తీసేయించారు. ఉన్ని శాలువలు తీసేయించారు. అనంతపురం ఎండల్లో బొచ్చు కోటు ఎవరు కొంటారో నాకు తెలియదు గానీ, దాన్నీ మానేశారట. ఇక మిగిలింది పట్టు. పట్టుగూళ్లను మరిగే నీళ్లలో వేస్తే లోపలి పురుగు చచ్చిపోతుంది కదా. అందుకని పురుగు గూడు చీల్చుకుని ప్రాణాలతో బయటికొచ్చాక, ఆ ఖాళీ గూళ్ల నుంచి తీసిన పట్టునే అమ్మాలని నిర్ణయించారు. "మా పట్టులో హింస లేదు" అని బోర్డులు కూడా రాయించారు. వచ్చే శుక్రవారం కట్టాలి.

"అయ్యా, ఇక నాకు పాపం అంటదు కదా?" అని అడిగారు, నమస్కారం చేసి.

అయ్యగారు ఆయన ముఖం వంక చూశారు. "బయటికొచ్చిన పురుగు ఏమైంది?" అన్నారు.

"ఎగిరిపోయి ఉంటుందయ్యా."

"చూశావా?"

"లేదు."

"చూసి రా. వీణ్ణి కూడా తీసుకుపో" అని నన్ను చూపించి, కళ్లు మూసుకున్నారు.

గుప్తగారికి గూళ్లు పంపేది రామక్క. ఆమె ఊరు అక్కడికి పది మైళ్లు. కారులో వెళ్లాం. ఆమె యాభై ఏళ్ల మనిషి, చేతుల నిండా మల్బరీ ఆకు పసరు మరకలు. దుకాణం యజమానే స్వయంగా వచ్చాడని హడావుడిగా చాప పరిచింది. గుప్తగారు కూర్చోలేదు. పురుగులను చూడాలన్నారు.

వెనక గదిలో వెదురు తట్టల నిండా ఉన్నాయి. తెల్లటి రెక్కల పురుగులు. గుప్తగారు ముచ్చటపడి ఒకదాన్ని వేలి మీదికి ఎక్కించుకుని కిటికీ దగ్గర పట్టుకున్నారు. అది రెక్కలు టపటప కొట్టుకుని కింద పడిపోయింది.

"ఎగరలేవు సామీ" అంది రామక్క. "రెక్కలుండాయి గానీ అవి ఎగరడానికి గాదు. తినడానికి నోరు గూడా ల్యాదు. గుడ్లు పెట్టి నాలుగైదు దినాలకు పోతాయి."

"గుడ్లు?"

పక్క తట్టలో వార్తాపత్రిక మీద ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. ఒక మూల అవి పగిలి, నల్లటి నూలుపోగుల్లాంటి పిల్లపురుగులు తలలెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి. ఆకు కోసం వెతుక్కుంటున్నాయని నాకు అర్థమైంది.

"వీటికి ఆకు వేయలేదేం?" అన్నారు గుప్తగారు.

"యాడుంది సామీ? ఒక్కో పురుగు నాలుగు నూర్ల గుడ్లు పెడతాది. తోటలో ఆకంతా మొన్నటి పంటకే అయిపాయ. మల్లా చిగురు రావల్లంటే రెండు నెలలు. వీటిని కోళ్లకు ఏస్తాండా."

గుప్తగారు తట్ట దగ్గర నుంచి వెనక్కి జరిగారు. "మరి మా వాళ్లిచ్చిన కాగితంలో హింస లేదని రాసిచ్చావేం?"

రామక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. "పురుగు ప్రాణంతో బయటికొచ్చిందా అని గదా మీ వాళ్లు అడిగింది? వచ్చింది. అవునని గీత పెట్టినా. ఆ తర్వాత సంగతి ఎవురూ అడగల్యా."

గుప్తగారి బాధ నటన కాదు, అది నేను చెప్పగలను. ఆ పిల్లపురుగులను చూడలేక బయటికి వచ్చేశారు. కారు దగ్గర నిలబడి, "ఇక ఈ పట్టు వద్దు. అసలు ఏ పట్టూ వద్దు" అన్నారు.

రామక్క వెనకే వచ్చింది. వసారాలో కప్పు తాటిపట్టెల దాకా పేర్చిన మూటలను చూపించింది. రెండు పంటల గూళ్లు, అన్నీ చిల్లులు పడ్డవి. చిల్లు పడిన గూడుకు దారం తెగిపోతుంది కాబట్టి మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. కొంటానన్న ఈయన మాట నమ్మి ఆమె పంట మొత్తం ఇలా చేసుకుంది.

"మరి వీటిని ఏం జేయల్ల సామీ?" అని అడిగింది. ఏడవలేదు, అరవలేదు.

గుప్తగారు కారెక్కారు.

ఆశ్రమం చేరేసరికి ఆయన తేలికపడ్డట్టు కనిపించారు. అయ్యగారి ముందు కూర్చుని జరిగినదంతా దాచకుండా చెప్పారు. అది మాత్రం మెచ్చుకోవాలి.

"పాత బోర్డులు పారేస్తానయ్యా. నా దుకాణాల్లో ఇక పట్టే ఉండదు. ఇప్పుడైనా నాకు పాపం అంటదు కదా?"

అయ్యగారు అప్పటికే అలసిపోయి ఉన్నారు. గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేనిచ్చిన మజ్జిగ రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"ఆమె నిన్ను ఒక మాట అడిగింది కదా. దానికి ఏం చెప్పొచ్చావు?"

గుప్తగారు నా వైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను.

"ఏమీ చెప్పలేదయ్యా."

అయ్యగారు కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని నేను లేవబోయాను. అప్పుడు చాలా నెమ్మదిగా, తిట్టినట్టు కాకుండా, ఒంట్లో బాగాలేని బిడ్డతో మాట్లాడినట్టు అన్నారు:

"నీకు దయ ఉంది నాయనా. చివరిదాకా చూసే ఓపికే లేదు."