డొన్ను ఇంటికొచ్చిన బీరు యంత్రం

తెలివంటే తమదేనని డొన్ను ఇంటివాళ్ళకి గట్టి నమ్మకం. ఇంట్లో ముగ్గురు: డొన్ను, వాడి పెళ్ళాం ముత్తాయి, తమ్ముడు గాసి. రోజూ సాయంత్రం మొక్కలకి నీళ్ళు పొయ్యాలని ఎవరో చెప్పారట. అంతే. జోరున వాన కురుస్తున్నా తడుస్తూ వెళ్ళి పోసొచ్చేవాళ్ళు. "ఊరంతా బద్దకించినారు, మనం తప్ప" అని మురిసిపోయేవాళ్ళు.

ఆ కొండమీది ఊళ్ళో కొత్త మామిడికాయ పండక్కి ఏడాదికో ఇల్లు చోళ్ళతో, అంటే రాగులతో, బీరు కాచి అందరికీ పొయ్యాలి. ఈ ఏడు వంతు డొన్నుది. ముత్తాయి కాపురానికొచ్చాక ఇదే మొదటి వంతు. తన చేత్తో ఊరికి పొయ్యాలని ఆమెకి ఎంత ఆశో. ఊరిపెద్ద బలరాం తాత మాత్రం ముందే చెప్పేశాడు.

"ఈపాలి పాడుచేసినారంటే మీ ఇంటికి మరి వంతు ఉండదు."

ముత్తాయికి గుబులు పట్టుకుంది. నానబెట్టడానికో కుండ, ఉడకబెట్టడానికో కుండ, పులియబెట్టడానికో కుండ. ఏ కుండ దగ్గర ఏం పొరపాటు జరుగుతుందో. రెండు మేకల్ని అమ్మి, పొరపాటు పడని సాధనమేదైనా కొనుక్కురమ్మని మొగుణ్ణి పట్నం పంపింది. అక్కడ దుకాణంవాడు నిలువెత్తు స్టీలు యంత్రం చూపించాడు. ఉడకబెట్టడం, వడకట్టడం, పులియబెట్టడం అన్నీ అందులోనేనట, కింద కుళాయి కూడా ఉంది.

"ఇది ఇంట్లో ఉంటే కుండలతో పనే లేదు. చెయ్యి పెట్టకుండా బీరు తయారు" అన్నాడు దుకాణంవాడు.

ఇంకేముంది. యంత్రం గుమ్మం దాటగానే ముగ్గురూ కలిసి కుండలన్నీ పగలగొట్టేశారు. నీళ్ళ కుండ, అంబలి కుండ కూడా వదల్లేదు.

"మరి నీళ్ళు దేంతో తెద్దుమే?" అన్నాడు డొన్ను.

"గొడుగుంది కదేటి" అంది ముత్తాయి.

గొడుగు తిరగేసి వాగు నుంచి నీళ్ళు మోశారు. తర్వాత మొలకెత్తించిన చోళ్ళ బస్తా ఎత్తాలి, చెయ్యేమో పెట్టకూడదు. డొన్ను మోచేతులతో ఎత్తాడు, గాసి పళ్ళతో పట్టాడు, ముత్తాయి తలతో పొడిచింది. సగం యంత్రంలో పడ్డాయి, సగం కోళ్ళ పాలయ్యాయి. మీట మాత్రం గాసి ముక్కుతో నొక్కాడు.

ఐదో తరగతి దాకా చదివిన గాసే యంత్రంతో వచ్చిన పుస్తకం తీశాడు. పులిసే పది రోజులూ దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదని ఉంది. అంతే, ఇంటికి తాళం వేసి పశువుల పాకలోకి మకాం మార్చారు. పది రోజులూ వానే. మారుచీర లోపలే ఉండిపోయింది. ఆవు ముత్తాయి మీద తల వాల్చి హాయిగా నిద్రపోయేది.

పండగనాడు తాళం తీసి మూత ఎత్తారు. ఘుమఘుమ వీధి చివరిదాకా వెళ్ళింది. గరిటెడు రుచి చూసి ముత్తాయి సంతోషంతో ఏడ్చేసింది. అంత మంచి బీరు ఆ ఊళ్ళో ఎవరూ కాచలేదు. అప్పుడు గాసి పుస్తకం ఆఖరి పేజీ తిప్పాడు.

"తయారయ్యాక పూర్తిగా ఖాళీ చేసి, చుక్క మిగలకుండా కడగాలి అని ఉందొదినా."

"దేంట్లోకి ఖాళీ చెయ్యాలో రాసినారేటి?"

"నేదు."

ఇంకేముంది. కుళాయి తిప్పేశారు. బీరంతా వాకిట్లోంచి వాగులోకి పోయింది. కోళ్ళు రెండేసి గుక్కలు తాగి గోడకి జారగిలబడ్డాయి. ముగ్గురూ చింతపండు పెట్టి యంత్రాన్ని తళతళలాడేలా తోమేశారు.

అంతలో డప్పులతో ఊరంతా వచ్చింది. బలరాం తాత కుళాయి కింద ఆకుదొన్నె పట్టాడు. ఏమీ రాలేదు.

"బీరేదే?"

"చుక్క మిగల్నేదు తాతా, చూసుకో" అంది ముత్తాయి గర్వంగా.

తాతకి సంగతంతా అర్థమయ్యేసరికి పావుగంట పట్టింది. ముత్తాయికి అర్థమయ్యేసరికి ఇంకో పావుగంట. అర్థమయ్యాక నేలమీద కూలబడి బావురుమంది. ఆ ఏడుపు చూసి తాత మనసు కరిగిపోయింది.

"ఊరుకో తల్లీ. వంతు తియ్యను. జరిగిందంతా ముగ్గురూ మర్సిపోండి."

పెద్దాయన మాట. ముగ్గురూ బుద్ధిగా తలూపి, కళ్ళు మూసుకుని మర్చిపోయారు. లోపలికెళ్ళి తలో దొన్నె పట్టుకుని బయటికొచ్చి, జనం వెనకాల వరసలో నిలబడ్డారు.

"ఏటి తాతా ఇంత ఆలీసం?" అంది ముత్తాయి. "ఈయేడు బీరు వంతు ఎవలింటిది?"

"ఎవలిదో గానొదినా" అన్నాడు గాసి, "ఒట్టి తెలివితక్కువోల్లలాగున్నారు."