దిగకూడని పీట

బడి పంతులు పొద్దుగూకేదాకా పీట దిగకూడదని మంత్రి కొత్త చట్టం తెచ్చాడు. అమలు చూద్దామని ఓ ఊరి బడికొస్తే పీట ఖాళీ.

"ఈ పంతుల్ని ఇవాళే తీసేస్తాను," అన్నాడు.

బడి ఊడ్చే నూకాలమ్మ చీపురు పక్కన పెట్టింది. "తీసెయ్యండి బాబూ. ఈ ఒక్కపూట తమరు కూర్చుని, ఎలా కూర్చోవాలో చూపించండి."

మంత్రి నవ్వి కూర్చున్నాడు. పిల్లలకు ఎక్కాలు ముద్దుగా చెబుతుండగా, రాజుగారు రమ్మన్నారంటూ భటుడొచ్చాడు. మంత్రి చటుక్కున లేచాడు.

"మా పంతులుగారూ ఇలాగే లేస్తారు బాబూ," అంది నూకాలమ్మ. "చట్టం ఎలా నడుస్తోందో చెప్పమని తమ కచేరీ నుంచి రోజూ కబురొస్తుంది. ఇప్పుడూ అక్కడే ఉన్నారు."

మంత్రి మళ్లీ కూర్చున్నాడు. "ముందు మా కచేరీకెళ్లి పంతులుగారిని పంపించు," అన్నాడు భటుడితో. "ఆయనొచ్చాకే వస్తానని రాజుగారికి చెప్పు."